పురపాలక సంఘాల బడ్జెట్ మరియు అద్దెల నిర్ణయం (పల్నాడు)

పురపాలక సంఘ బడ్జెట్ అనగా ఒక పట్టణ స్థానిక సంస్థకు రాబోవు ఆర్థిక సంవత్సరంలో ఎంత రాబడి వచ్చును, దానిని ఏయే పనులకు వ్యయం చేయవలెను అను అంచనాలను తెలిపే పత్రము. ఈ బడ్జెట్‌లో "అద్దె" అనే మాట మూడు చోట్ల కనిపిస్తుంది. మొదటిది, పురపాలక సంఘం తన దుకాణ గదులకు, భవనాలకు వసూలు చేసే అద్దె. రెండవది, పట్టణంలోని ప్రతి ఇంటికి లెక్కగట్టిన అద్దె విలువ. 2021 వరకు ఆస్తి పన్నుకు ఇదే ఆధారం. మూడవది, స్థానిక సంస్థలు పేదలకు ఇళ్ళు కట్టి అద్దెకు ఇచ్చే పద్ధతి. బ్రిటన్ వంటి దేశాలలో ఇది విస్తారంగా ఉన్నది. ఆంధ్ర ప్రదేశ్‌లో ఇది దాదాపు లేదు. పల్నాడు జిల్లా పట్టణాలను ఉదాహరణగా తీసుకొని ఈ మూడు అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

పల్నాడులోని పట్టణ స్థానిక సంస్థలు

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి విడివడి నరసరావుపేట కేంద్రంగా ఏర్పడింది. నరసరావుపేట, చిలకలూరిపేట, సత్తెనపల్లి, వినుకొండ, పిడుగురాళ్ళ, మాచర్ల పురపాలక సంఘాలు. గురజాల, దాచేపల్లి నగర పంచాయతీలు. వీటిలో నరసరావుపేట పురపాలక సంఘం పాతది. ఇది 1915లో, అనగా మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో ఏర్పడింది. గురజాల, దాచేపల్లి 2020 వరకు గ్రామ పంచాయతీలుగా ఉండి, తరువాత నగర పంచాయతీలుగా మారాయి. వీటి పాలకవర్గాలకు 2021 నవంబరులో ఎన్నికలు జరిగాయి.

ఈ పట్టణాల ఆర్థిక స్వరూపాలు ఒకే విధంగా లేవు. నరసరావుపేట, చిలకలూరిపేట వర్తక కేంద్రాలు కనుక వీటిలో దుకాణాలు, గోదాములు ఎక్కువ. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు ప్రసిద్ధి. మాచర్ల చెన్నకేశవాలయానికి, పరిసరాలలోని నాపరాతికి, నాగార్జునసాగర్ సామీప్యతకు పేరు పొందింది. ఒక పట్టణంలో వాణిజ్య భవనాలు ఎన్ని ఉన్నాయి, బజారులో పురపాలక సంఘానికి సొంత స్థలం ఎంత ఉన్నది అనే రెండు విషయాలపై ఆ పట్టణపు సొంత రాబడి చాలావరకు ఆధారపడుతుంది.

గ్రామ పంచాయతీ నగర పంచాయతీగా మారినపుడు ప్రజల లెక్క కూడా మారుతుంది. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం చెల్లించే ఇంటి పన్ను స్థానంలో పురపాలక చట్టం ప్రకారం ఆస్తి పన్ను వస్తుంది. గ్రామీణ ఉపాధి పథకపు పనులు పట్టణ పరిధిలో లభించవు. దీనికి బదులుగా పట్టణాభివృద్ధి నిధులు, పట్టణ గృహ పథకాలు వర్తిస్తాయి. ఈ మార్పు మంచిదా, కాదా అని ఒక వ్యవసాయ కూలీ కుటుంబం చూసే చూపు, బజారులో దుకాణం గల వర్తకుడు చూసే చూపు ఒకటి కావు.

బడ్జెట్ తయారీ

పురపాలక సంఘాలు ఆంధ్ర ప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం, 1965 క్రింద పనిచేస్తాయి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. కమిషనర్ ఆధ్వర్యంలో వివిధ విభాగాలు తమ అంచనాలను ఇస్తాయి. వీటిని క్రోడీకరించి తయారు చేసిన ముసాయిదాను కౌన్సిల్ ముందు ఉంచుతారు. కౌన్సిల్ చర్చించి, మార్పులు చేసి ఆమోదించిన తరువాత ప్రభుత్వానికి పంపుతారు. ఎన్నికైన కౌన్సిల్ లేని కాలంలో ఈ అధికారం ప్రత్యేక అధికారికి ఉంటుంది. అటువంటపుడు ఏ వార్డుకు రోడ్డు, ఏ వార్డుకు కాలువ అనే విషయంపై ప్రజల తరఫున ప్రశ్నించేవారు సభలో ఉండరు.

బడ్జెట్ పత్రాన్ని చదవదలచిన విద్యార్థి ముందుగా నాలుగు అంకెలను గుర్తించాలి. అవి ప్రారంభ నిల్వ, రాబడి, వ్యయం, ముగింపు నిల్వ. ప్రతి పద్దుకు ఎదురుగా సాధారణంగా గడచిన సంవత్సరపు వాస్తవ లెక్క, నడుస్తున్న సంవత్సరపు సవరించిన అంచనా, రాబోవు సంవత్సరపు అంచనా ఉంటాయి. ఈ మూడింటిని పోల్చి చూడటం ముఖ్యం. గత సంవత్సరం ఒక పద్దు క్రింద 40 లక్షల రూపాయలు మాత్రమే వసూలై, రాబోవు సంవత్సరానికి కోటి రూపాయలు చూపితే, ఆ తేడా ఎక్కడ నుండి వచ్చునో అడగవలసి ఉంటుంది. కాగితంపై రాబడిని పెంచి చూపితే కాగితంపై పనులు కూడా పెరుగుతాయి. సంవత్సరాంతానికి డబ్బు రాకపోతే ఆగిపోయేది కాగితం కాదు, వీధిలోని పని.

రాబడి మార్గాలు

పురపాలక సంఘ రాబడిని స్థూలంగా మూడు విధాలుగా విభజించవచ్చు.

సొంత పన్నులు: ఆస్తి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, ప్రకటనల పన్ను మొదలైనవి. వీటిలో ఆస్తి పన్ను ప్రధానమైనది. దీనిని ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు, అక్టోబరు నుండి మార్చి వరకు రెండు అర్ధ సంవత్సరాలుగా చెల్లించాలి. బకాయిపై నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. పన్నుతోపాటు వసూలయ్యే గ్రంథాలయ పన్ను పురపాలక సంఘానిది కాదు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చెందవలసిన సొమ్ము.

పన్నేతర రాబడి: కుళాయి రుసుములు, భవన నిర్మాణ అనుమతుల రుసుములు, వర్తక లైసెన్సు రుసుములు, సంతలలో, మార్కెట్లలో వసూలయ్యే ఆశీలు, దుకాణ గదుల అద్దెలు. ఆశీలు వసూలు హక్కును సాధారణంగా వేలం పాట ద్వారా ఏటా ఇస్తారు.

ప్రభుత్వం నుండి వచ్చేవి: ఆస్తుల రిజిస్ట్రేషన్ సమయంలో వసూలయ్యే బదలాయింపు సుంకంలో వాటా, ఆర్థిక సంఘం గ్రాంట్లు, పథకాల నిధులు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పది లక్షల లోపు జనాభా గల పట్టణాలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యం కొరకే వాడాలని నిర్దేశించింది. పల్నాడులోని పట్టణాలన్నీ ఈ తరగతిలోనివే.

వ్యయం

రెగ్యులర్ ఉద్యోగుల వేతనాలను రాష్ట్ర ప్రభుత్వం ఖజానా ద్వారా చెల్లిస్తుంది. పొరుగు సేవల పద్ధతిలో పనిచేసే పారిశుద్ధ్య కార్మికుల వేతనాలు మాత్రం ఎక్కువగా పురపాలక సాధారణ నిధిపైనే పడతాయి. వీధి దీపాలు, నీటి పంపుల విద్యుత్ బిల్లులు తరువాతి పెద్ద ఖర్చు. పల్నాడు మెట్ట ప్రాంతం. నరసరావుపేట, చిలకలూరిపేట వంటి పట్టణాలు నాగార్జునసాగర్ కుడి కాలువ నీటిని వేసవి నిల్వ చెరువులలో నింపుకొని వాడుకుంటాయి. కాలువకు నీరు ఆలస్యమైన సంవత్సరం ట్యాంకర్ల ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు పెరిగినపుడు సాధారణంగా మరమ్మతుల పద్దు తరుగుతుంది.

రాష్ట్రంలో 2004 నుండి పురపాలక సంఘాలు తమ నికర నిధులలో 40 శాతాన్ని పేదలు నివసించే ప్రాంతాలలో మౌలిక వసతులకు కేటాయించాలనే నిబంధన ఉన్నది. 2005 డిసెంబరులో ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం కూడా పేదల సేవలకు బడ్జెట్‌లో ప్రత్యేక కేటాయింపు చూపడాన్ని ఒక సంస్కరణగా చేర్చింది. ఇక్కడ "నికర" అనే మాట కీలకమైనది. వేతనాలు, విద్యుత్తు వంటి తప్పనిసరి ఖర్చులు పోగా మిగిలినదే నికర నిధి. మిగులు స్వల్పమైతే అందులో 40 శాతం మరింత స్వల్పం అవుతుంది.

ఆస్తి పన్నులో అద్దె విలువ

పూర్వపు పద్ధతిలో ఆస్తి పన్నుకు వార్షిక అద్దె విలువ ఆధారంగా ఉండేది. యజమాని తన ఇంటిలో తానే నివసించినా, ఆ ఇంటిని అద్దెకు ఇస్తే ఎంత వచ్చునో లెక్కగట్టి దానిపై పన్ను వేసేవారు. పట్టణాన్ని వసతులను బట్టి జోన్లుగా విభజించి, భవనపు రకాన్ని (ఆర్.సి.సి., మద్రాసు మిద్దె, రేకులు, పెంకులు మొదలైనవి), వాడుకను బట్టి చదరపు మీటరుకు నెలసరి అద్దెను నోటిఫై చేసేవారు. భవనం వయస్సు 25 సంవత్సరాల లోపు అయితే 10 శాతం, 25 నుండి 40 అయితే 20 శాతం, 40 దాటితే 30 శాతం తగ్గింపు ఉండేది. యజమాని స్వయంగా నివసించే ఇంటికి ఇవన్నీ కలిపి 40 శాతం తగ్గింపు ఉండేది.

ఒక ఊహాత్మక ఉదాహరణ: 80 చదరపు మీటర్ల ఇంటికి చదరపు మీటరుకు నెలకు 10 రూపాయల అద్దె నిర్ణయమైనది అనుకుందాం. నెలకు 800, సంవత్సరానికి 9,600 రూపాయలు. యజమాని నివసిస్తే 40 శాతం పోగా 5,760 రూపాయలు వార్షిక అద్దె విలువ. పన్ను రేటు 20 శాతం అయితే పన్ను 1,152 రూపాయలు. అదే ఇల్లు కొత్తదై అద్దెకు ఇవ్వబడితే 10 శాతం మాత్రమే తగ్గి 8,640 రూపాయలపై 1,728 రూపాయల పన్ను పడుతుంది. అనగా అద్దె ఇంటిపై పన్ను సొంత ఇంటికంటే ఒకటిన్నర రెట్లు. ఈ తేడాను చివరకు భరించేది చాలావరకు అద్దెదారుడే.

ఈ పద్ధతిలో పెద్ద లోపం సవరణలో జాప్యం. రాష్ట్రంలో నివాస గృహాలకు 2002 తరువాత, వాణిజ్య భవనాలకు 2007 తరువాత సాధారణ సవరణ జరగలేదు. బజారులో అద్దెలు ఎన్నో రెట్లు పెరిగినా పన్ను లెక్కలోని అద్దె అక్కడే నిలిచిపోయింది.

2020లో చేసిన చట్ట సవరణ ప్రకారం 2021 ఏప్రిల్ 1 నుండి పన్నుకు ఆస్తి మూలధన విలువను ఆధారంగా తీసుకున్నారు. ఈ విలువ రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించే విలువలతో ముడిపడి ఉంటుంది. నివాస భవనాలకు 0.10 నుండి 0.50 శాతం, ఇతర భవనాలకు 0.20 నుండి 2 శాతం మధ్య రేటును నిర్ణయించే వీలు కల్పించారు. ఒకేసారి భారం పడకుండా పెరుగుదలను ఏటా 15 శాతానికి పరిమితం చేశారు. యజమాని నివసించే 375 చదరపు అడుగుల లోపు ఇంటికి సంవత్సరానికి 50 రూపాయల నామమాత్రపు పన్నును నిర్ణయించారు. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లకు, రాష్ట్రానికి అదనపు రుణ పరిమితికి ఆస్తి పన్ను సంస్కరణలను షరతుగా పెట్టడం ఈ మార్పుకు ఒక కారణం. విలువ పెరిగినంత మాత్రాన యజమాని చేతికి రొక్కం రాదు గనుక, పింఛనుపై జీవించే వృద్ధులు, పాత ఇళ్ళలోని కుటుంబాలు ఇబ్బంది పడతాయని విమర్శ వచ్చింది.

దుకాణ గదుల అద్దెలు

పల్నాడు పట్టణాలలో పురపాలక సంఘం నిజంగా "ఇంటి యజమాని" స్థానంలో ఉండేది వాణిజ్య సముదాయాల విషయంలోనే. గదులను బహిరంగ వేలం ద్వారా లీజుకు ఇవ్వాలనేది సాధారణ నియమం. షెడ్యూల్డు కులాలు, తెగలు, వికలాంగులకు కొన్ని గదులను ప్రత్యేకిస్తారు. పాడుకున్నవారు ధరావతు చెల్లించాలి. కొన్ని చోట్ల తిరిగి ఇవ్వని గుడ్‌విల్ సొమ్మును కూడా పాటలో నిర్ణయిస్తారు. లీజు కాలం మూడేళ్ళు. తరువాత పొడిగించాలంటే అద్దెను 33 1/3 శాతం పెంచుతారు. ఇరవై అయిదు సంవత్సరాలు దాటిన లీజులను తిరిగి బహిరంగ వేలానికి పెట్టాలని 2011లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వులు నిర్దేశించాయి.

ఈ నియమం లెక్కను గమనించడం అవసరం. నెలకు 3,000 రూపాయల అద్దె మొదటి పొడిగింపులో 4,000, రెండవ దానిలో 5,333, మూడవ దానిలో 7,111 అవుతుంది. అనగా సంవత్సరానికి సుమారు 10 శాతం చక్రవృద్ధి. ఎనిమిది పొడిగింపుల తరువాత, 24 సంవత్సరాలకు, అద్దె దాదాపు పది రెట్లై 29,966 రూపాయలకు చేరుతుంది. రద్దీ బజారులోని గదికి ఇది మార్కెట్ అద్దెకంటే తక్కువ కావచ్చు. బస్టాండు మారిపోయి, రాకపోకలు తగ్గిన వీధిలోని గదికి ఇదే మోయలేని అద్దె కావచ్చు. ఒకే సూత్రం రెండు చోట్ల రెండు విధాలైన ఫలితాలను ఇస్తుంది.

మొదటి పరిస్థితిలో గదిని తక్కువ అద్దెకు పొందినవాడు మరొకరికి ఎక్కువ అద్దెకు ఇచ్చి తేడాను తాను తీసుకునే ప్రమాదం ఉన్నది. ఆ తేడా న్యాయంగా పట్టణపు మురుగు కాలువలకు, కుళాయిలకు చేరవలసిన సొమ్ము. రెండవ పరిస్థితిలో గదులు ఖాళీగా ఉండిపోతాయి, లేదా బకాయిలు పేరుకుపోతాయి. ఇరవై అయిదేళ్ళుగా ఒకే చోట వ్యాపారం చేసిన చిన్న వర్తకుని దృష్టిలో తిరిగి వేలం అనగా జీవనాధారం పోవడమే. వేలానికి రావాలని ఎదురుచూసే యువకుని దృష్టిలో అది సమాన అవకాశం. బడ్జెట్‌లో ఒక్క పంక్తిగా కనిపించే "దుకాణ అద్దెలు" అనే పద్దు వెనుక ఈ ఇద్దరూ ఉన్నారు.

పేదల గృహాలు: అద్దెకు బదులు యాజమాన్యం

తెలుగు ప్రాంతంలో ప్రజా సంస్థలు ఇళ్ళు కట్టి అద్దెకు ఇచ్చిన సందర్భాలు లేకపోలేదు. 1908 మూసీ వరదల అనంతరం హైదరాబాదులో 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ (ఆరాయిష్-ఎ-బల్దా) మురికివాడల స్థానంలో ఇళ్ళు నిర్మించింది. స్వాతంత్ర్యానంతరం 1952లో కేంద్ర ప్రభుత్వం పారిశ్రామిక కార్మికులకు సబ్సిడీపై అద్దె ఇళ్ళ పథకాన్ని ప్రవేశపెట్టింది. పల్నాడులో 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నిర్మాణం కొరకు మాచర్ల సమీపంలోని విజయపురి సౌత్‌లో ఉద్యోగుల క్వార్టర్లు వెలిశాయి. ఇవి పురపాలక సంఘానివి కావు, నీటిపారుదల శాఖవి.

1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడిన తరువాత బలహీన వర్గాల గృహ పథకాలన్నీ లబ్ధిదారునికి స్థలం, ఇల్లు సొంతంగా ఇచ్చే దిశలోనే సాగాయి. 2006లో ప్రారంభమైన ఇందిరమ్మ పథకం, 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ళ స్థలాల పంపిణీ ఈ కోవలోనివే. పట్టణాలలో ఆంధ్ర ప్రదేశ్ టిడ్కో సంస్థ 300, 365, 430 చదరపు అడుగుల విస్తీర్ణంలో మూడు రకాల ఫ్లాట్లను నిర్మించింది. పల్నాడులో చిలకలూరిపేట వంటి పట్టణాలలో ఇవి ఉన్నాయి. 300 చదరపు అడుగుల ఫ్లాటును 2019 తరువాత ఒక్క రూపాయికే కేటాయించారు. మిగిలిన రెండు రకాలకు లబ్ధిదారులు కొంత వాటా, మిగతా బ్యాంకు రుణం చెల్లించాలి. ఇల్లు చేతికి రాకముందే రుణ వాయిదాలు మొదలైన సందర్భాలు రాష్ట్రంలో తలెత్తాయి. అటువంటి కుటుంబం ఉంటున్న ఇంటికి అద్దె, రాని ఇంటికి వాయిదా రెండింటినీ భరించవలసి వచ్చింది.

పురపాలక బడ్జెట్ దృష్టితో చూస్తే ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. 300, 365 చదరపు అడుగుల ఫ్లాట్లు నామమాత్రపు పన్ను పరిమితిలోనివి. ఆ సముదాయానికి నీరు, మురుగు పారుదల, దీపాలు, చెత్త తొలగింపు మాత్రం నామమాత్రపు ఖర్చుతో కావు. అద్దె లేదు కనుక మరమ్మతు నిధి కూడా దానంతట అది ఏర్పడదు. నివాసుల సంఘం బలంగా లేకపోతే పై కప్పు నీటి తొట్టి పగిలినపుడు ఎవరు బాగుచేయించాలనేది తేలని ప్రశ్నగా మిగులుతుంది.

అద్దె ఇళ్ళు ఎందుకు కట్టలేదు?

ఒక ఇంటి నిర్మాణానికి 6 లక్షల రూపాయలు అయినదనుకుందాం. ఆ పెట్టుబడిపై సంవత్సరానికి 6 శాతం రాబట్టాలంటే 36,000, అనగా నెలకు 3,000 రూపాయల అద్దె కావాలి. ఇందులో మరమ్మతులు ఇంకా చేరలేదు. నెలకు 9,000 రూపాయలు సంపాదించే కుటుంబం ఆదాయంలో పదవ వంతు మాత్రమే ఇవ్వగలదనుకుంటే అద్దె 900 రూపాయలు. ఇంటికి 2,100 రూపాయలు లోటు. అటువంటి ఇళ్ళు 500 ఉంటే సంవత్సరానికి లోటు 1 కోటి 26 లక్షల రూపాయలు. మధ్య తరహా పురపాలక సంఘం ఈ లోటును సొంత రాబడితో భరించడం కష్టం. అదీగాక అద్దె చెల్లించని పేద కుటుంబాన్ని ఖాళీ చేయించే పని ఏ కౌన్సిల్ సభ్యుడూ కోరుకోడు. సొంత ఇల్లు ఇస్తే ఖర్చు ఒకసారితో ముగిసినట్లు లెక్కలో కనిపిస్తుంది.

అయితే వలస కూలీలకు, బట్టీ కార్మికులకు, పంటల కాలంలో వచ్చేవారికి సొంత ఇల్లు కంటే తక్కువ అద్దె ఇల్లే ఎక్కువ ఉపయోగపడుతుంది. ఈ అవసరాన్ని గుర్తించి కేంద్ర ప్రభుత్వం 2020 జూలైలో అందుబాటు అద్దె గృహ సముదాయాల పథకాన్ని ఆమోదించింది. 2024లో ప్రారంభమైన ప్రధాన మంత్రి పట్టణ ఆవాస్ యోజన రెండవ దశలో అద్దె గృహాలను నాలుగు విభాగాలలో ఒకటిగా చేర్చారు.

ఇతర దేశాలలో

బ్రిటన్‌లో 1919 నాటి అడిసన్ చట్టం తరువాత స్థానిక కౌన్సిళ్ళు పెద్ద ఎత్తున అద్దె ఇళ్ళు కట్టాయి. 1980 చట్టం అద్దెదారులకు ఆ ఇళ్ళను తగ్గింపు ధరకు కొనే హక్కునిచ్చింది. దీనితో కౌన్సిళ్ళ వద్ద ఇళ్ళు తగ్గాయి. ఇంగ్లండులో 1990 నుండి ఇంటి అద్దెల ఖాతాను కౌన్సిల్ సాధారణ ఖాతా నుండి పూర్తిగా వేరు చేశారు. అద్దె సొమ్మును రోడ్లకు మళ్ళించరాదు, సాధారణ పన్నుల సొమ్ముతో అద్దెలను తగ్గించరాదు. అద్దెను ఇంటి విలువ, ఆ ప్రాంతపు వేతనాలు, పడకగదుల సంఖ్య ఆధారంగా ఒక సూత్రం ప్రకారం లెక్కిస్తారు. 2016 నుండి నాలుగేళ్ళపాటు అద్దెలను ఏటా 1 శాతం తగ్గించమని ప్రభుత్వం ఆదేశించింది. ధరలు బాగా పెరిగిన 2023-24లో పెంపును 7 శాతానికి పరిమితం చేసింది. రెండు సందర్భాలలోనూ అద్దెదారులకు ఊరట లభించింది, మరమ్మతుల నిధికి మాత్రం కోత పడింది.

ఆస్ట్రియాలోని వియన్నా నగరం 1923లో గృహనిర్మాణ పన్నును విధించి, ఖరీదైన ఇళ్ళపై ఎక్కువ రేటు వేసి, ఆ రాబడితో కార్మికులకు ఇళ్ళు కట్టింది. 1934 నాటికి 60 వేలకు పైగా ఇళ్ళు సిద్ధమయ్యాయి. నేటికీ ఆ నగరానికి సుమారు 2 లక్షల 20 వేల సొంత అద్దె ఇళ్ళు ఉన్నాయి.

పౌరులు గమనించదగిన అంశాలు

బడ్జెట్ ప్రతిని పరిశీలించే పౌరుడు ముఖ్యంగా ఈ క్రింది విషయాలను చూడవచ్చు.

ఆస్తి పన్ను, దుకాణ అద్దెల పద్దులలో డిమాండు ఎంత, వసూలు ఎంత, బకాయి ఎంత. లీజు గడువు ముగిసిన గదులు ఎన్ని, వాటిని పొడిగించారా, వేలం వేశారా. పేదల ప్రాంతాలకు కేటాయించిన 40 శాతంలో నిజంగా వ్యయమైనది ఎంత. కొత్త గృహ సముదాయాల నిర్వహణకు ప్రత్యేక పద్దు ఉన్నదా, లేదా. సమాచార హక్కు చట్టం, 2005 క్రింద ఈ వివరాలను ఎవరైనా కోరవచ్చు.

పన్నుగానీ, అద్దెగానీ ఎంత ఉండాలనే ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. తక్కువగా ఉంచితే చెల్లించేవారికి మేలు, వసతులకు కీడు. ఎక్కువ చేస్తే దీనికి విపర్యయం. ఎవరికి ఎంత తగ్గించారు, ఆ తగ్గింపును ఎవరి సొమ్ముతో పూరించారు అనే విషయం బడ్జెట్‌లో స్పష్టంగా కనిపించినపుడే కౌన్సిల్‌లో దానిపై అర్థవంతమైన చర్చ సాధ్యమవుతుంది.